బందారు కట్టె విల్లు

పోయిన నెల ఆచారి మామ పెద్దకర్మకు మా ఊరు వెళ్లాను. పాకాల దాటాక బస్సు దిగి, చెరువు కట్ట మీదుగా ఒక మైలు నడిస్తే వస్తుంది ఊరు. ఇప్పుడు ఆటోలు తిరుగుతున్నాయి కానీ నాకెందుకో నడవాలనిపించింది. భోజనాలయ్యాక చేయి కడుక్కోవడానికి ఇంటి వెనక కొట్టం వైపు వెళితే, చూరు కింద దూర్చిన కట్టెల మోపు ఒకటి భుజానికి తగిలింది. దాని మీద కప్పిన ఎండాకు పొడిపొడిగా రాలి మెడ మీద పడింది. ఆ వాసనకు చేతిలో చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయాను.

అది బందారాకు వాసన. కొంచెం ఘాటు, కొంచెం పులుపు, వెనకాల ఎక్కడో తేనెమైనం. తిరుపతిలో ముప్పై ఏళ్లకు పైగా కాపురం ఉంటున్నాను, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ వాసన నాకు ఎదురుపడలేదు.

బందారు అంటే తెలియనివాళ్లు ఉంటారు. మా చిత్తూరు వైపు గుట్టల మీద, రాళ్ల సందుల్లో, బీడు చేలల్లో పెరిగే పొద అది. మామూలుగా మనిషి ఎత్తు. ఎవరూ నరక్కుండా వదిలేస్తే ఇంకో రెండు మూరలు లేస్తుంది. ఆకు సన్నగా, పొడుగ్గా, వార్నిష్ పూసినట్టు మెరుస్తుంది. నలిపితే వేళ్లకు జిగురంటుతుంది. కాయకు కాగితంలాంటి రెక్కలుంటాయి, ఎండబోయే ముందు ఎర్రబడతాయి. మేకలు దాని జోలికి పోవు, అందుకని చేని చుట్టూ కంచెకు పనికొచ్చేది. కాలో చెయ్యో విరిగితే ఆ ఆకు వేసి కట్టు కట్టేవాళ్లు. మిగతాదంతా పొయ్యిలోకే. ఆడవాళ్లు మోపులు మోపులు కొట్టుకొచ్చేవాళ్లు.

ఆ పొయ్యి కట్టెతో ఆచారి మామ విల్లు చేశాడు.

*

ఆయన మాకు చుట్టం కాదు. ఊళ్లో వరసలు అలా ఉండేవి. అమ్మ ఆయన్ను అన్నా అని పిలిచేది, కాబట్టి నాకు మామ. నాగలి, కాడి, గుంటక, ద్వారబంధం, పిల్లల ఊయల, అన్నీ ఆయన చేతి మీదే. డబ్బులిచ్చేవాళ్లు తక్కువ. కోతలప్పుడు కళ్లంలో ఆయనకు మేర కొలిచేవాళ్లు, ఏడాది పనికి అదే కూలి. తెల్లవారుజామున బాడిశ చప్పుడుతో మా వీధి లేచేది. చింత మొద్దు మీద పడితే ఒక చప్పుడు, తుమ్మ మీద పడితే ఇంకొకటి. ఇవాళ మామ ఏ కట్టె చెక్కుతున్నాడో నేను దుప్పట్లో నుంచే చెప్పేవాణ్ని. బడి లేని రోజు నా మకాం అంతా ఆ కొట్టంలోనే. చెక్కపొట్టు గంపకెత్తడం, ఆకురాయి అందించడం, పెద్ద మొద్దు కోసేటప్పుడు రంపం రెండో కొస పట్టుకోవడం నా పనులు.

ఎండాకాలంలో మా ఊళ్లో భారతం జరిగేది. మా జిల్లాలో ద్రౌపదమ్మ గుడి, ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్లలో ఇప్పటికీ జరుగుతుంది. పద్దెనిమిది రోజులు, మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. పెట్రోమాక్స్ లైట్ల బుస్సుమనే శబ్దం, హార్మోనియం, మద్దెల, మధ్యలో పిల్లల ఏడుపులు. ఆ రోజుల్లో మేం పిల్లలం పగలు నిద్రపోయి రాత్రి బతికేవాళ్లం. బకాసురుడి బండి ఊరంతా తిరిగే రోజు ఒక సందడి, ఆఖరున దుర్యోధన వధ, అగ్నిగుండం ఇంకో సందడి. కానీ నాకు అన్నింటికంటే అర్జున తపస్సు రోజే ముఖ్యం.

ఊరి బయట ఎత్తైన మాను పాతేవాళ్లు. తపసు మాను అంటాం. అర్జునుడి వేషం కట్టిన మనిషి ఒక్కో మెట్టుకూ ఒక్కో పద్యం పాడుతూ పైకెక్కేవాడు. కింద పిల్లల్లేని ఆడవాళ్లు తడి బట్టలతో సాగిలపడి వరపడేవాళ్లు. పైనుంచి ఆయన విసిరే నిమ్మకాయ, విభూతి తమ మీద పడితే కడుపు పండుతుందని నమ్మకం. అర్జునుడు పైకి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చేది. అక్కడ నిలబడి విల్లు ఎక్కుపెట్టి నారి లాగేవాడు.

కిరీటం, భుజకీర్తులు, గద, విల్లు, ఇవన్నీ ఆచారి మామ చేసి పెట్టేవే. విల్లు అంటే వెదురు బద్దే. టౌను డిపోలో కొన్న బొంగు చీల్చి, రంగు కాగితం చుట్టి ఇచ్చేవాడు. ఆ ఏడాది అర్జునుడు పైకెక్కి నారి లాగాడో లేదో ఫట్‌మని విరిగింది. ఒక ముక్క ఆయన చేతిలో ఉండిపోయింది, రెండోది తిరుగుతూ తిరుగుతూ వచ్చి వరపడిన ఆడవాళ్ల పక్కన పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ జనం ఒక్కసారిగా నోరు మూసుకున్నారు. అర్జునుడు చేతిలో ముక్కతోనే పద్యం పూర్తి చేశాడు. కింద ముసలివాళ్లు మాత్రం, గాండీవం విరగడమేమిటి, ఈ ఏడు వాన పడదు, అని గొణుక్కున్నారు.

మామ పరిగెత్తుకుంటూ వెళ్లి ఆ ముక్క తీసుకొచ్చుకున్నాడు. ఆ రాత్రి నాటకానికి రాలేదు. నేను కొట్టంలోకి వెళితే బుడ్డి దీపం ముందు కూర్చుని ఆ వెదురును వేళ్లతో నలుపుతున్నాడు. లోపలంతా పిండి. పురుగు తినేసి గుల్ల చేసింది.

"చూస్తివా రా అబ్బోడా, పైన నున్నగా ఉండాది. లోపల పిండి. డిపోలో కొన్న కట్టె ఎప్పుడు కొట్టిందో, యాడ పడేసిందో నాకేం తెలుసు? ఈసారి నా చేత్తో కొట్టి, నా చూరు కింద ఎండబెట్టిన కట్టెతోనే చేస్తా."

*

మంచి కట్టె ఏదో ఆయనకు తెలియక కాదు. చరాచి అని ఒక చెట్టుంది, శేషాచలం అడవుల్లో పెరుగుతుంది. వంచితే వంగి, వదిలితే యథాస్థితికి వచ్చే కట్టె. గొడ్డలి కాములకు దాన్ని మించింది లేదంటారు. సంస్కృతంలో దాన్ని ధన్వనమనీ ధనుర్వృక్షమనీ అంటారని, అంటే పేరులోనే విల్లుందని, చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాను. కానీ చరాచి ఉండేది రిజర్వు అడవిలో. ఎర్రచందనం ఉన్న అడవి, అక్కడ కత్తి పట్టుకుని తిరిగితే ఊరుకోరు. మామ జీవితంలో ఎప్పుడూ ఫారెస్టు రాయి దాటి కొమ్మ కొట్టలేదు. అందుకే చెరువు కట్ట మీద, చేని గట్ల మీద, వంక పొడుగునా ఏ పొదలున్నాయో వాటితోనే మొదలుపెట్టాడు. ఏడాదికి పైగా సాగింది ఆ పని. నేను ఆయన వెనక తోకలాగా తిరిగాను.

మొదట వావిలి. చక్కగా, నిటారుగా దొరుకుతుంది, తట్టలు అల్లడానికి వాడతారు. దాంతో చేసిన విల్లు మహా సులువుగా వంగింది, కానీ మళ్లీ తిన్నబడలేదు. నారి విప్పాక కూడా కొడవలిలాగా అలాగే ఉండిపోయింది. మామ దాన్ని పైకెత్తి చూసి, "దీనికి మరుపు లేదురా, ఎట్లా వంచితే అట్లానే ఉండిపోతాది" అన్నాడు. తర్వాత తంగేడు. ఆ కర్రలో మూడు మూరల తిన్నటి ముక్క దొరకడమే గగనం, దొరికింది కూడా రెండో రోజే పుటుక్కుమంది. కలే కట్టె గట్టిదే కానీ వంకర టింకర, పైగా దాని ముళ్లు ఆయన అరచేతిలో దిగి వారం రోజులు బాడిశ పట్టనివ్వలేదు. బలుసులో అడుగడుగునా కణుపులు.

జానతో కొంచెం ఆశ పుట్టింది. జాన పండ్ల కోసం మేం ఎగబడే పొదే అది. కొట్టేసిన మొదలు నుంచి మళ్లీ లేచిన చిగుళ్లు బాణాల్లాగా నిటారుగా పెరుగుతాయి. చరాచి, జాన రెండూ ఒకే జాతివి, ఆ సంగతి మామకు ఏ పుస్తకమూ చెప్పలేదు. తోలు వలిచి నార చూసి, "ఇది చరాచికి తమ్ముడు లాగుండాదే" అన్నాడు. జానతో చేసింది విరగలేదు, వంకరపోలేదు. కానీ కట్టె సన్నం, పిల్లల విల్లుకు సరిపోయింది. అది నాకే ఇచ్చాడు. ఆ ఎండాకాలమంతా స్వర్ణముఖి ఇసుకలో రెల్లు పుల్లలు బాణాలుగా వేసుకుంటూ తిరిగాను.

బందారు దగ్గరికి ఆయన ఆఖరున వచ్చాడు. పొయ్యిలో పెట్టడానికి మామ పెళ్లాం, మా అత్త, బందారు మోపు దించుతుంటే ఒక కట్టె బండ మీద పడి ఖంగుమంది. ఆ చప్పుడుకు మామ చేతిలో పని ఆపేశాడు. ఆ కట్టె తీసి గోటితో గిచ్చాడు, గోరు దిగలేదు. చేతిలో ఎగరేసి బరువు చూశాడు. ఆ సాయంత్రమే మేమిద్దరం కట్ట మీదికి వెళ్లాం.

మూడున్నర మూరల పొడుగు, మణికట్టు మందం, తిన్నగా, కణుపుల్లేకుండా. బందారు పొదలో అలాంటి కట్టె దొరకడం అంత తేలిక కాదు. నాలుగు రోజులు వెతికాం. చివరికి వేప చెట్ల నీడన ఎండ కోసం పైకి సాగిన ముసలి పొద ఒకటి కనబడింది. దాన్లో రెండే పనికొచ్చేవి.

మొదటిది పాడైంది. ఆత్రం కొద్దీ ఎండలో పెట్టాడు. మూడో రోజుకే కొస నుంచి కొస దాకా మెలితిరుగుతూ చీలిపోయింది. ఆ రోజు మామ మొహం చూడలేకపోయాను. రెండో కట్టెకు రెండు కొసలూ తేనెమైనం పూసి, పైన పేడ మెత్తి, చూరు కింద నీడలో పడుకోబెట్టాడు. చెట్టులోని తడి కొసల్లోంచే తొందరగా పోతుంది, కొసలు ముందు ఎండితే అక్కడ పగులుతుంది, అందుకని వాటి నోరు మూయాలి. పురుగు రాకుండా బందారాకే కప్పాడు. అది ఆయన నమ్మకం. ఇక ప్రతి శుక్రవారం నా పని ఏమిటంటే, ఆ కట్టె తీసుకుని చెట్టి అంగడికి వెళ్లి తక్కెడలో తూయించుకు రావడం. గోడ మీద బొగ్గుతో రాసుకునేవాడు. తగ్గినంత కాలం తడి ఉన్నట్టే, తగ్గడం ఆగిన రోజు ఎండినట్టు. అంగడి ఆయన మొదట్లో నవ్వేవాడు. తర్వాత్తర్వాత నేను కనబడగానే, "ఏం రా, ఎంత తగ్గింది మీ కట్టె?" అని ఆయనే అడిగేవాడు.

ఆ మధ్యలోనే మా అవ్వ నన్ను తిరుపతికి తీసుకుపోయింది, కోదండరామస్వామి బ్రహ్మోత్సవాలకు. వాహనం మీద స్వామి, చేతిలో కోదండం. దీపాల వెలుగులో నాకు స్వామి మొహం కంటే ఆ విల్లే ఎక్కువ కనిపించింది. ఊరికి రాగానే మామను అడిగాను, రాముడి విల్లు ఏ కట్టెతో చేశారని.

"దేవుడి విల్లు సంగతి నాకేం తెలుసురా. తిన్నడి విల్లు అడుగు, చెప్తా. కాళాస్త్రి కొండ మీద ఏది దొరికితే దాంతో చేసుకొని ఉంటాడు. ఏ పొదో, ఏ కొమ్మో. దాంతోనే కదా శివుడికి ఇంత తెచ్చి పెట్టినాడు."

*

కట్టె చెక్కడం మొదలుపెట్టిన రోజు ఆయన స్నానం చేసి, బొట్టు పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిన మొదటి మాట, "వెలిపక్క ముట్టుకోకు."

విల్లు వంచినప్పుడు మన మొహం వైపు ఉండేది లోపక్క, అవతలి వైపు ఉండేది వెలిపక్క. వెలిపక్క సాగుతుంది, లోపక్క నలుగుతుంది. సాగే వైపు ఒక్క నార తెగినా అక్కడి నుంచే విరుగుతుంది. అందుకని వెలిపక్క తోలు మాత్రం వలిచి, కింద చెట్టు ఎలా పెరిగిందో అలాగే వదిలేయాలి. ఒక చోట చిన్న కణుపు ఉంటే దాన్ని చదును చేయబోయాను. నా చేయి పట్టుకుని ఆపాడు. "అది చెట్టు కట్టుకున్న ముడిరా, విప్పొద్దు" అన్నాడు. చెక్కేదంతా లోపక్కే. ముందు బాడిశ, తర్వాత ఆకురాయి, చివరికి పగిలిన సీసా పెంకు.

ఆ గాజు పెంకు పని ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. పెంకు అంచును కట్టెకు కొంచెం వాల్చి పట్టుకుని తనవైపు లాగేవాడు. ఉల్లిపొర కన్నా పలచటి పొట్టు చుట్టలు చుట్టుకుంటూ లేచేది. లేత తేనె రంగు. నా అరచేతిలో వేసుకుంటే ఊపిరికే ఎగిరిపోయేది. నాలుగు లాగులు, ఒక చూపు. మళ్లీ నాలుగు లాగులు, బొటనవేలితో తడిమి ఒక చూపు. మధ్యలో మాట్లాడితే ఒప్పుకునేవాడు కాదు. "గమ్మునుండు" అనేవాడు, కోపంగా కాదు, పసిబిడ్డ నిద్రపోతున్నప్పుడు అన్నట్టు.

వంచి చూడటానికి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. గోడకు కొట్టిన మేకు మీద విల్లును నడిమికి ఆనించి, రెండు కొసలకూ వదులుగా తాడు కట్టి, ఆ తాడు మధ్యలో వెదురు బుట్ట వేలాడదీసేవాడు. బుట్టలో ఒక్కో రాయి వేయాలి. అన్నీ ఒకే బరువు ఉండేలా చెట్టి తక్కెడలోనే తూచి తెచ్చిన రాళ్లు. ఒక రాయి పడగానే రెండు కొమ్మలూ, అంటే విల్లు రెండు సగాలూ, కొంచెం కిందికి దిగుతాయి. రెండూ సమంగా దిగాయా, ఎక్కడైనా మొండిగా నిలబడిందా అని మామ వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి చూసేవాడు. నిలబడిన చోట బొగ్గుతో గీటు. బుట్ట దించి, ఆ గీటు పోయేదాకా పెంకుతో గీకడం. మళ్లీ బుట్ట. ఎక్కువ వంగుతున్న చోటు జోలికి పోకూడదు, దాని పక్కవాటినే తగ్గించుకుంటూ రావాలి. గీకిన ప్రతిసారీ ముప్పై నలభై మాట్లు మెల్లగా లాగి వదలాలి. కొత్తగా తగ్గిన మందం కట్టెకు అలవాటు కావాలిగా. తొమ్మిది రాళ్ల దగ్గర ఒకసారి కిర్రుమంది. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. మామ బుట్ట దించి, ఆ రోజుకు పని ఆపేసి, కొట్టం తలుపు వేశాడు.

నారికి మొదట జనుము అనుకున్నాం. సాగిపోతోంది. అప్పుడు మామ చాగ నార అన్నాడు. కత్తుల్లాంటి మందపాటి ఆకులతో గట్ల మీద గుంపులుగా పెరుగుతుంది చాగ. ఇంగ్లీషువాళ్లు కూడా దాన్ని వింటినారి జనుము అనే అర్థం వచ్చే పేరుతోనే పిలిచారట. ఆకును నీళ్లలో నానబెట్టి, మొద్దు కత్తితో గీకితే తెల్లటి పీచు మిగులుతుంది. మామ పంచె ఎగగట్టి తొడ మీద పేనుతుంటే నేను కొస పట్టుకుని వెనక్కి నడిచేవాణ్ని. పేనడం అయ్యాక తేనెమైనం రుద్దాం. విల్లుకు కట్టి మీటితే కొట్టం అంతా మోగింది.

ఆ ఏడాది అర్జునుడు పైకెక్కాడు. ఇసుక వేస్తే రాలనంత జనం. అందరూ పైకి చూస్తున్నారు. మామ మాత్రం తల దించుకుని, కళ్లు మూసుకుని, చెవి పైకి పెట్టాడు. నారి లాగిన చప్పుడు మాకు వినపడింది, కిర్రుమనలేదు. అర్జునుడు దాన్ని అలా పట్టుకుని పద్యం మొత్తం పాడి, మెల్లగా వదిలాడు. మామ కళ్లు తెరిచి నా తల మీద చేయి పెట్టాడు. చేయి వణుకుతోంది.

*

ఇక్కడి నుంచి రాయడం నాకు కష్టం.

భారతం అయ్యాక విల్లు మామ ఇంట్లోనే ఉండేది, నారి విప్పి, రెండు మేకుల మీద అడ్డంగా. ఒక మధ్యాహ్నం ఆయన లేనప్పుడు నేను దాన్ని దించాను. ఎలాగో నారి ఎక్కించాను. బాణం లేదు. గుండెలకు ఆనేదాకా లాగి, ఉత్త నారి వదిలేశాను. బాణం ఉంటే ఆ బలమంతా దాంతో పోతుంది. లేకపోతే వచ్చి విల్లు మీదే పడుతుంది. అది నాకు అప్పుడు తెలియదు. కింది కొమ్మ మధ్యకు విరిగింది. ఆ శబ్దానికి అత్త పొయ్యి దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చింది.

మామ వచ్చేదాకా నేను అక్కడే కూర్చున్నాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. రెండు ముక్కలూ తెచ్చి నా ఒళ్లో పెట్టి, విరిగిన చోట నార పొడుగ్గా పీలికలు పీలికలుగా లేచిన తీరు చూపించాడు. "పుచ్చిన కట్టె పుటుక్కుమంటాది. మంచి కట్టె ఇట్లా చీలికలై విరుగుతాది. చూడు, ఎంత పట్టుకుందో పాపం" అన్నాడు. కాసేపటికి, "ఇంకో కట్టె కొట్టి ఎండబెడతాలే. ఎండనీ. ఇద్దరం చేద్దాం" అన్నాడు.

తర్వాతి ఏడాదికి నన్ను హాస్టల్లో వేశారు. ఆ తర్వాత పాలిటెక్నిక్, ఉద్యోగం, పెళ్లి. సెలవులకు వెళ్లినప్పుడు కొట్టంలోకి తొంగి చూసేవాణ్ని, మామ ఏదో పనిలో ఉండేవాడు. విల్లు మాట ఆయన ఎత్తలేదు, సిగ్గుతో నేనూ ఎత్తలేదు.

పాలిటెక్నిక్‌లో దూలాల లెక్కలు చెప్పేటప్పుడు ఒక సూత్రం వచ్చింది. దూలం వెడల్పు సగం చేస్తే గట్టితనం సగమే తగ్గుతుంది. మందం సగం చేస్తే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అంటే మందంలో పదో వంతు తగ్గించినా 27 శాతం గట్టితనం పోతుంది. క్లాసులో అందరూ అది నోట్సులో రాసుకుంటుంటే నాకు గాజు పెంకు, నాలుగు లాగులు, ఒక చూపు గుర్తొచ్చాయి. నాలుగో లాగు తర్వాత ఆయన ఎందుకు ఆగేవాడో అప్పుడు అర్థమైంది. వెనక బెంచీలో కూర్చుని కళ్లు తుడుచుకున్నాను.

ఉద్యోగంలో చేరాక పాత విల్లుల గురించి ఏది దొరికినా చదివేవాణ్ని. 1991లో ఆల్ప్స్ కొండల్లో మంచు కింద ఒక మనిషి దొరికాడు, ఓట్జీ అంటారు, దాదాపు 5,300 ఏళ్ల కిందటివాడు. ఆయన దగ్గరున్న విల్లు 1.82 మీటర్ల పొడుగు, యూ చెట్టు కట్టె. అది పూర్తి కాలేదు. చెక్కడం ముగియకముందే ప్రాణం పోయింది. అమ్ములపొదిలో 14 బాణాలుంటే వాటిలో రెండే తయారైనవి. ఆ బాణాలు చేసింది పొద కొమ్మలతో, వైబర్నం అనే పొద నుంచి కోసిన తిన్నటి పుల్లలతో. జాన చిగుళ్లు కోసుకొచ్చే మామే కళ్ల ముందు మెదిలాడు. మన బందారే సముద్రాలు దాటి న్యూజిలాండ్‌లోనూ పెరుగుతుందని, అక్కడి మావోరీలు దాన్ని ఆకెఆకె అంటారని, ఆ కట్టెతో ఆయుధాలు చేసుకునేవాళ్లని కూడా చదివాను. ఇది మామకు చెప్పాలి అనుకున్నాను. ఫోన్ చేసినప్పుడల్లా ఆరోగ్యం, పెళ్లిళ్లు, వానలు, వీటితోనే సరిపోయేది. చెప్పలేదు.

*

పెద్దకర్మ రోజు ఆ మోపు దించి చూశాను. ఐదు కట్టెలు. అన్నీ బందారే. కొసలకు మైనం, పేడ. ప్రతిదాని మీదా కత్తితో పెట్టిన చిన్న చిన్న గీట్లు. ఇవేమిటని మామ కోడల్ని అడిగితే, "వానలు మొదలైనప్పుడల్లా దించి, దుమ్ము తుడిచి, ఒక్కో గీటు పెట్టేవాడన్నా. మా అబ్బోడు వస్తాడు, ఉంచండి అనేవాడు. మేం ఎవరబ్బా అనుకునేవాళ్లం" అంది.

ఒకదాని మీద ఇరవై మూడు గీట్లు లెక్కపెట్టాను. ఐదింటిలో ఒకటి సగం చెక్కి ఉంది. లోపక్క పెంకుతో గీకిన నునుపు, ఎడమ కొమ్మ మీద రెండు వేళ్ల వెడల్పున బొగ్గు గీటు. ఆయన బుట్ట దించి, గీటు పెట్టి, గీకకుండా లేచిపోయినట్టుంది.

"తీసుకుపోన్నా. ఇక్కడుంటే ఎప్పుడో పొయ్యిలోకి పోతాయి" అంది కోడలు.

తిరిగి వచ్చేటప్పుడు కట్ట మీద ఆ ముసలి పొద కోసం చూశాను. వేప చెట్లు రెండు ఉన్నాయి. కట్ట దిగువ గుట్టంతా జేసీబీతో చదును చేసి, రాళ్లు పాతి, రంగులేశారు. ప్లాట్లు. ఒక రాయి మొదట్లో జానెడు బందారు మొక్క మళ్లీ లేచి ఉంది. నాలుగు ఆకులు. ఊరి భారతం ఇంకా జరుగుతోంది. అర్జునుడికి ఇప్పుడు పైపు వంచి, బంగారు కాగితం చుట్టి ఇస్తున్నారట. వేషం కట్టే అబ్బాయి ఆ రోజు కర్మకు వచ్చాడు, మా మోపు చూసి దగ్గరికి వచ్చి ఒక కట్టె చేతిలోకి తీసుకున్నాడు. బరువుకు ఆశ్చర్యపోయి, "ఇది మన గట్ల మీద ఉండేదే కదన్నా?" అన్నాడు. అవునన్నాను.

ఇప్పుడు ఆ సగం విల్లు మా మిద్దె మీద, వాటర్ ట్యాంకు గోడకు కొట్టిన మేకు మీద ఉంది. ఇక్కడి నుంచి చూస్తే శేషాచలం కొండలు నేరుగా కనిపిస్తాయి. మా ఆవిడ పాత కూరగాయల బుట్ట ఇచ్చింది. కిరాణా కొట్టు కాటా మీద తూచి రాళ్లు తెచ్చుకున్నాను, ఒక్కోటి కిలో. పది రోజులు బొగ్గు గీటు జోలికి పోలేదు. అది చెరిపితే మామ చేతి గుర్తు పోతుందని. మిగతా చోట్లన్నీ సర్దుకుంటూ వచ్చాను. కానీ ఎనిమిదో రాయి వేసినప్పుడల్లా కుడి కొమ్మ నెలవంకలా దిగుతుంటే, ఎడమది సరిగ్గా ఆ గీటు దగ్గరే మొండికేసి నిలబడుతోంది. ఆయన చూసింది అదే. గీటు పెట్టింది గీకమనే.

నిన్న సాయంత్రం ఎండ తగ్గాక సీసా పెంకు తీసుకున్నాను. నాలుగు లాగులు. నల్లటి పొట్టు చుట్టలు చుట్టుకుని లేచింది, దాని కింద తేనె రంగు. బొటనవేలితో తడిమి చూశాను. ఇంకో నాలుగు. నలభై మాట్లు మెల్లగా లాగి వదిలి, బుట్ట తగిలించి, ఎనిమిదో రాయి వేశాను. రెండు కొమ్మలూ కలిసి దిగాయి. తొమ్మిదో రాయి చేతిలోకి తీసుకుని, కాసేపు చెవి పెట్టి విన్నాను. చప్పుడేమీ లేదు.

తొమ్మిదోది రేపు వేస్తాను.